కాన్పు తర్వాత కటి కీళ్ల నొప్పి: పడుకోవాలా, వ్యాయామం చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కాన్పై నాలుగో నెల నడుస్తోంది. గర్భంతో ఉండగా ఏడో నెలలో మొదలైన నొప్పి ఇంకా పోలేదు. మంచం మీద ఒత్తిగిలినా, మెట్లెక్కినా, ఒంటికాలి మీద నిలబడి లెగ్గింగ్ వేసుకున్నా పొత్తికడుపు కింద ఎముక దగ్గర పొడిచినట్టు, వెనక కుడి పిరుదు పైభాగంలో పట్టేసినట్టు ఉంటోంది. అత్తగారు వాతం అంటున్నారు, పక్కింటావిడ కీలు జారిందంటున్నారు. స్కూల్లో మళ్లీ టీచరుగా చేరడానికి ఆరు వారాలుంది. కదలకుండా పడుకోవాలా, వ్యాయామం చేయాలా, అసలు ఇది పూర్తిగా పోతుందా, రెండో కాన్పుకు మళ్లీ వస్తుందా అని అడిగారు.

పోతుంది. నేను ఫిజియోథెరపిస్టుని, గర్భిణులు, బాలింతలతోనే నా పని ఎక్కువ. మీరు రాసిన లక్షణాలతో వచ్చేవాళ్లలో చాలామంది కొద్ది నెలల్లో మామూలు పనుల్లో పడిపోతారు. కొందరికి ఏడాది దాకా పడుతుంది, ముఖ్యంగా కటికి ముందూ వెనకా ఉండే మూడు కీళ్లలోనూ నొప్పి ఉన్నవాళ్లకి. పడుకోవాలా, వ్యాయామం చేయాలా అన్నదానికి జవాబు: కదలకుండా పడుకోవడమూ వద్దు, పళ్లబిగువున నొప్పి భరిస్తూ వ్యాయామాలు చేయడమూ వద్దు. నొప్పిని రేపే నాలుగైదు కదలికల్ని కొన్ని వారాలు వేరే పద్ధతిలో చేయాలి. ఆ వారాల్లోనే కటిని పట్టి ఉంచే కండరాలకు కొద్దికొద్దిగా పని పెంచాలి. రెండూ కలిసి జరగాలి. మొదటిది మాత్రమే చేసేవాళ్లు నెలల తరబడి జాగ్రత్తగా బతుకుతారు గానీ బలం రాదు. రెండోది మాత్రమే చేసేవాళ్లు వారం తిరక్కుండానే మానేస్తారు.

ఇది అరుదైన జబ్బేం కాదు. గర్భిణుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఈ నొప్పి ఉంటుంది. మన ఇళ్లలో దీన్ని "కాన్పయ్యాక నడుం నొప్పి మామూలే" అనేసి వదిలేస్తారు. నడుం నొప్పి వేరు, ఇది వేరు. చికిత్స కూడా వేరు.

కీలు జారడం గురించి

కటి అంటే ఒకే ఎముక కాదు. వెన్నెముక అడుగున త్రికాస్థి, దానికి రెండు పక్కలా తుంటి ఎముకలు. అవి త్రికాస్థిని కలిసేచోట వెనక రెండు కీళ్లు, ముందు జఘనం దగ్గర ఒకదాన్నొకటి కలిసేచోట మూడో కీలు. పై శరీరం బరువు కాళ్లలోకి దిగేది వీటి మీదుగానే. అందుకే రెండు కాళ్ల మీద నిలబడ్డప్పుడు బాగానే ఉండి, బరువు ఒక్క కాలి మీదికి మారగానే కలుక్కుమంటుంది. మెట్లు, ప్యాంటు వేసుకోవడం, స్కూటీ ఎక్కడం, మంచం మీద ఒత్తిగిలడం, అన్నిట్లో ఉన్నది అదే.

వెనక కీళ్లు కదిలేది రెండు మూడు డిగ్రీలు, ఒకటి రెండు మిల్లీమీటర్లు. ఎవరో చేత్తో తడిమి "జారింది" అని చెప్పగలిగేంత కదలిక అక్కడ లేదు. ముందు కీలులో మామూలుగా 4, 5 మిల్లీమీటర్ల సందు ఉంటుంది, గర్భంలో అది ఇంకో 2, 3 మిల్లీమీటర్లు పెరగడం సహజం. 10 మిల్లీమీటర్లు దాటి, నొప్పి కూడా ఉంటే అది వేరే సంగతి, ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాలి. అలాంటివాళ్లకు కాన్పు సమయంలోనే టప్‌మని తెలియడం, ఆ తర్వాత అడుగు తీసి అడుగు వేయలేకపోవడం ఉంటుంది. మీకు అలా లేదు. కాబట్టి ఎముకలు లాగి సరిచేస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఆ లాగుడు వల్ల రెండు రోజులు తేలిగ్గా అనిపించి మళ్లీ మొదటికొచ్చినవాళ్లను, ఇంకా పట్టేసినవాళ్లను కూడా చూశాను.

మరి నొప్పెందుకు? గర్భంలో రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్లు సడలుతాయి. అయితే ఎక్కువ సడలినవాళ్లకు ఎక్కువ నొప్పి అనే లెక్క కుదరదు. పొట్ట కండరాలు సాగిపోయి, పిరుదుల కండరాలు బలహీనపడి, ఆ కీళ్లను సమయానికి బిగించి పట్టే పని సరిగా జరగకపోవడం పెద్ద కారణం. దానిమీద నిద్రలేమి, బిడ్డను ఎత్తుకోవడం, ఆందోళన చేరతాయి. వాతం అనే మాటతో నాకు పేచీ లేదు. దాని వెంట వచ్చే "లేవకు, కదలకు" అన్న సలహాతోనే ఇబ్బంది. నలభై రోజులు మంచం దిగని బాలింతకు పిరుదుల కండరాలు ఇంకా చిక్కిపోతాయి.

ఇది చదివేవాళ్లలో ఆపరేషన్ కాన్పు అయినవాళ్లు చాలామంది ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. వాళ్లందరూ నన్నడిగే ప్రశ్న ఒక్కటే: "వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లేనా?" సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. నెలల తరబడి ఉండే ఈ నొప్పికి ఆ సూది కారణం కాదు. సిజేరియన్ అయినా తొమ్మిది నెలల బరువు మోసింది ఆ కటే కదా.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష

మంచం మీద వెల్లకిలా పడుకోండి. కాళ్లు చాచి, పాదాల మధ్య కొద్దిగా ఎడం. మోకాలు వంచకుండా కుడికాలిని ఓ 20 సెంటీమీటర్లు పైకెత్తండి, దించండి. తర్వాత ఎడమది. ఎత్తడం ఎంత కష్టంగా ఉందో గమనించండి. కొందరికి కాలు సీసం పోసినంత బరువుగా ఉంటుంది, కొందరికి ఎత్తకముందే పొట్ట ఉబ్బి నడుం పక్కకు తిరిగిపోతుంది. ఇప్పుడు మీవారినో అమ్మనో మీ తుంటి ఎముకల్ని రెండు పక్కల నుంచీ అరచేతులతో లోపలికి గట్టిగా నొక్కి పట్టమనండి. మళ్లీ అదే కాలు ఎత్తండి.

నొక్కి పట్టినప్పుడు కాలు తేలిగ్గా లేచిందంటే అది శుభవార్త. ఆ బిగింపు ఇప్పుడు బయటి నుంచి చేతులు ఇస్తున్నాయి, రేపు లోపలి కండరాలు ఇవ్వాలి. తుంటి ఎముకల చుట్టూ పెట్టుకునే కటి బెల్టు, వ్యాయామాలు రెండూ మీకు పనిచేస్తాయని అర్థం. నొక్కితే నొప్పి ఇంకా పెరిగిందంటే మీ కండరాలు ఇప్పటికే అతిగా బిగుసుకుని ఉన్నాయేమో. అప్పుడు బెల్టు జోలికి పోకుండా దగ్గర్లోని ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.

ముందు డాక్టర్‌ను కలవాల్సిన సందర్భాలు

జ్వరం లేదా దుర్వాసనతో తెల్లబట్ట, పడుకున్నా ఆగని రాత్రి నొప్పి, కాలిలో బలం తగ్గడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం గానీ దొడ్డికి గానీ అదుపు తప్పడం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం. వీటిలో ఏదున్నా ఈ సమాధానం పక్కన పెట్టి ఈరోజే వెళ్లండి. పిక్క వాపు రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు, కాన్పు తర్వాత వారాల్లో దాని ముప్పు ఎక్కువ.

ఇంకో రెండు మన దగ్గర మరిచిపోకూడదు. ఒకటి, క్షయ. అది ఊపిరితిత్తులకే కాదు, ఈ వెనక కీలుకూ వస్తుంది. బాలింత నొప్పే అనుకుని నెలలు గడిపిన ఒకావిడను "సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతోందా?" అని అడిగితే అవునంది, బరువు కూడా తగ్గింది. ఆమెకు కావాల్సింది నా వ్యాయామాలు కాదు, టీబీ మందులు. రెండోది, డి విటమిన్ లోపం. తొడలు, కటి ఎముకలు అంతటా సలుపు, బాతులా అటూ ఇటూ ఊగుతూ నడక ఉంటే రక్తపరీక్ష చేయించాలి. బాలింత ఎండ మొహం చూడకుండా గదిలోనే ఉంటే ఇది ఇంకా ముదురుతుంది.

పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, కదిలేకొద్దీ తగ్గే నొప్పి కాన్పుకు ముందు నుంచే ఉంటే కీళ్లవాతం నిపుణులను కలవండి. అయితే ఒక జాగ్రత్త: కాన్పైన కొత్తలో ఎంఆర్‌ఐ తీస్తే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా వెనక కీళ్ల పక్కన ఎముకలో వాపు కనిపించొచ్చు, నెలల తరబడి ఉండొచ్చు. ఆ ఒక్క రిపోర్టు చూసి జీవితాంతం మందులు వాడాలేమో అని టెన్షన్ పడొద్దు. రిపోర్టు పట్టుకెళ్లేటప్పుడు కాన్పై ఎన్ని నెలలైందో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

రోజువారీ పనులు

అసలు మార్పు ఇక్కడే మొదలవుతుంది, కాబట్టి వివరంగా రాస్తాను.

ఒత్తిగిలడం: రెండు మోకాళ్లూ మడిచి, ఒకదానికొకటి ఆనించి, ఊపిరి వదులుతూ భుజాలు, నడుం, మోకాళ్లు ఒకేసారి తిప్పండి. ఒక కాలు ముందు, ఇంకో కాలు వెనకా లాగితేనే కలుక్కుమనేది. పక్కకు పడుకున్నప్పుడు మోకాళ్ల నుంచి చీలమండల దాకా మధ్యలో దిండు పెట్టుకోండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేత్తో ఊతమిచ్చి లేవండి. వీలైతే నులక మంచం మానండి. మధ్యలో గుంట పడే మంచం మీద ఒత్తిగిలడం మామూలు మనిషికే కష్టం.

మెట్లు: ఎక్కేటప్పుడు నొప్పి లేని కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ చేరాకే తర్వాతి మెట్టు. పైకీ కిందికీ తిరిగే పనులు కలిపి ఒకేసారి చేసుకోండి.

లెగ్గింగులు, లంగాలు మంచం మీద కూర్చునే తొడుక్కోండి.

బిడ్డ స్నానం: కాళ్లు చాచి పీట మీద కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయడం మన పద్ధతి. చాచిన కాళ్లతో ముందుకు వంగి, ఆపైన పక్కకు తిరిగి చెంబు ముంచడం, చివర్లో బిడ్డతో సహా నేల మీంచి లేవడం, మూడూ ఈ కీళ్లకు గడ్డు పనులే. అమ్మమ్మ పోసినన్నాళ్లు బాగానే ఉండి, ఆవిడ ఊరెళ్లాక కోడలో కూతురో పోయడం మొదలుపెట్టిన వారానికి నొప్పి తిరగబెట్టిందని నా దగ్గరికి రావడం మామూలు. కొన్ని నెలలు ఎత్తైన బల్ల మీద టబ్బు పెట్టి పోయండి, లేదా ఇంకొకరికి అప్పజెప్పండి.

చంకనెత్తుకోవడం: బిడ్డను ఒక తుంటి మీద కూర్చోబెట్టి ఆ పక్కకు వాలి నిలబడతాం. ఛాతీకి మధ్యగా ఎత్తుకోండి. అమెరికాలో ఉన్న అమ్మాయిలకు కారు సీటుతో ఇదే ఇబ్బంది. బిడ్డ ఉన్న సీటును ఒక చేతికి తగిలించుకుని నడవకండి. సీటు కారులోనే ఉంచి బిడ్డనే ఎత్తుకోండి.

స్కూటీ వెనక ఒక పక్కకు కూర్చోవడం, నిండు బకెట్ ఒక చేత్తో మోయడం, గొంతుకూర్చుని బట్టలుతకడం, బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోవడం ఇప్పుడు వద్దు. ఇంట్లో నేలబారు మరుగుదొడ్డి మాత్రమే ఉంటే దానిమీద వేసుకునే కమోడ్ కుర్చీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. పాలిచ్చేటప్పుడు వీపుకు ఆనుడు, పాదాలు నేలకు ఆని ఉండటం, బిడ్డ కింద దిండు. పాలివ్వడం వల్ల నొప్పి పెరుగుతుందని మాన్పించే పెద్దవాళ్లున్నారు. మానకండి, కూర్చునే తీరు మార్చుకుంటే చాలు.

ఇంట్లోవాళ్లు కూడా ఒక విషయం అర్థం చేసుకోవాలి. ఈ నొప్పి పని చేస్తున్నప్పుడు కనిపించదు, ఆ రాత్రికో మర్నాటికో పట్టుకుంటుంది. "పొద్దున అంత చలాకీగా తిరిగావు, ఇప్పుడేమైంది?" అని అడగకండి. ఆ అమ్మాయి నటించడం లేదు.

బెల్టు ఎక్కడ?

పొట్ట తగ్గాలని పాత చీరతో నడుము చుట్టూ కట్టే కట్టు ఈ కీళ్లకు పనికిరాదు. పొట్ట మీద మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి, గర్భసంచి వైపుకు వెళ్తుంది. కటి బెల్టు వెడల్పు తక్కువ. అది పొట్ట మీద కాదు, కింద తుంటి ఎముకల చుట్టూ ఉండాలి. నడిచే గంటో, వంట చేసే గంటో పెట్టుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి. కొద్ది వారాల్లో వాడకం తగ్గిస్తూ పోవాలి.

వ్యాయామాలు

నార్వే పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కాన్పు తర్వాత కటి నొప్పి ఉన్న తల్లులకు ఒక్కొక్కరికీ విడిగా అమర్చిన స్థిరత్వ వ్యాయామాలు, అంటే కటిని పట్టి ఉంచే కండరాలకు బలమిచ్చేవి, 20 వారాల పాటు చేయించారు. అవి లేని మామూలు ఫిజియోథెరపీ కంటే వాళ్లకు బాగా ఫలితం వచ్చింది, రెండేళ్ల తర్వాత చూసినా ఆ లాభం నిలిచే ఉంది. నేను వాటి దారిలోనే, మన ఇళ్లకు కుదిరేలా ఈ వరుసలో చెప్తాను.

ముందు పక్కకు పడుకుని, ఊపిరి వదులుతూ బొడ్డు కింది పొట్టను మెల్లగా లోపలికి తీసుకోండి, లంగా నాడా బిగించేటప్పుడు తీసుకున్నట్టు. ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఊపిరి బిగబట్టొద్దు. ఎనిమిది, పది సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. పాలిచ్చేటప్పుడు కూడా చేసుకోవచ్చు.

అది అలవాటయ్యాక వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, మధ్యలో దిండు పెట్టి సగం బలంతో నొక్కండి. ముందు ఎముక దగ్గర నొప్పి పెరిగితే బలం ఇంకా తగ్గించండి. తర్వాత అదే భంగిమలో పిరుదుల్ని జానెడెత్తు లేపి దించడం. యోగా తెలిసినవాళ్లకు ఇది సేతుబంధం. ఆపైన ఎత్తైన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. చివరగా గోడ పట్టుకుని చిన్న మెట్టు ఎక్కి దిగడం. మీకు ఇబ్బంది పెట్టేది మెట్లే కాబట్టి అక్కడిదాకా చేరాలి. సేతుబంధంతో ఆపేసి "వ్యాయామం చేసినా లాభం లేదు" అనుకునేవాళ్లు ఎక్కువ.

ఎప్పుడు పెంచాలి? చేస్తున్నప్పుడు కొద్దిగా తెలిసే నొప్పి ఫర్వాలేదు. మర్నాడు ఇదే సమయానికి నొప్పి నిన్నటి స్థాయికి వచ్చేసిందా? వస్తే అదే మోతాదు కొనసాగించి, నాలుగైదు రోజులకు కొంచెం పెంచండి. రాకపోతే సగానికి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. నడక కూడా ఇంతే. ఒకేసారి అరగంట కాకుండా పది నిమిషాల చొప్పున మూడుసార్లు.

వీడియోలు చూసి బద్ధకోణాసనం, వృక్షాసనం, కాళ్లు బాగా ఎడం చేసే సాగదీతలు మొదలుపెట్టకండి. అవి చెడ్డవని కాదు, వాటికి ఇంకా టైముంది. కీగల్ వ్యాయామాలు, అంటే కటి అడుగు కండరాల్ని బిగించి వదలడం, అందరికీ సరిపడవు. మూత్రం ఆపుకోలేకపోవడం ఉంటే మంచివే. కలయికలో నొప్పి, మూత్రం మొదలవడానికి ఇబ్బంది, మలబద్ధకం ఉంటే ఆ కండరాలు బిగుసుకుని ఉండొచ్చు. అలాంటివాళ్లు ముందు వదులు చేయడం నేర్చుకోవాలి. కలయిక గురించి ఎవరూ నోరు విప్పి అడగరు కాబట్టి నేనే చెప్తున్నాను: నొప్పి ఉంటే ఆపమని చెప్పడం మీ హక్కు. కాళ్లు ఎక్కువ ఎడం కాని, పక్కకు పడుకునే భంగిమలు తేలిక.

మర్దన, పథ్యం, మాత్రలు

నువ్వులనూనె మర్దన, వేడినీళ్ల స్నానం చేయించుకోండి. కండరాలు వదులవుతాయి, హాయిగా నిద్ర పడుతుంది. కటి ఎముకల మీద మోకాలు పెట్టి తొక్కించుకోవడం మాత్రం వద్దు. పథ్యంలో వెల్లుల్లి కారం, కాయం తింటే తినండి. పాలు, పెరుగు, పప్పు, ఆకుకూరలు, గుడ్డు మానేయమంటే ఒప్పుకోకండి, కండరం కట్టేది వాటితోనే. నీళ్లు తక్కువ తాగమనడం నాకు అసలు నచ్చని పథ్యం. పాలిచ్చే తల్లికి నీళ్లు చాలకపోతే మలబద్ధకం, ముక్కడం వల్ల కటి అడుగు కండరాల మీద ఒత్తిడి, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది.

పారాసిటమాల్ పాలిచ్చే తల్లులు వాడొచ్చు. ఐబుప్రోఫెన్ కూడా డాక్టర్లు రాస్తారు గానీ అల్సరు, కిడ్నీ సమస్య, కాన్పులో బీపీ ఉన్నవాళ్లు అడక్కుండా వేసుకోవద్దు. మాత్ర వేసుకోవడం తప్పు కాదు. రాత్రి నిద్రపోగలిగితేనే పగలు వ్యాయామం చేయగలుగుతారు. దిగులు, ఏడుపు, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే అదీ డాక్టర్‌కు చెప్పండి. అది నొప్పిని పెంచుతుంది, దానికి మందుంది.

మీ స్కూలు సంగతి

ఆరు వారాల్లో చాలా మార్పు తేవచ్చు. మొదటి రెండు వారాలు ఒత్తిగిలడం, మెట్లు, బిడ్డ స్నానం మార్చుకుని తొలి రెండు వ్యాయామాలు చేయండి. ఆ తర్వాత సేతుబంధం, కుర్చీ. చేరబోయే రెండు వారాల ముందు నుంచి ఇంట్లోనే నిలబడే సమయాన్ని పెంచుతూ చూసుకోండి. హెడ్‌మాస్టర్‌ గారిని కింది అంతస్తులో క్లాసులు, తరగతి గదిలో ఒక కుర్చీ ఇప్పించమని అడగండి. వరసగా పీరియడ్లు పడకుండా టైంటేబుల్ వేయించుకోగలిగితే ఇంకా మంచిది. ఒక కాలి మీద వాలి నిలబడి బోర్డు మీద రాసే అలవాటుంటే గమనించుకోండి.

రెండో కాన్పుకు మళ్లీ వస్తుందా అని కూడా అడిగారు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువే. అంతమాత్రాన రెండో బిడ్డను వద్దనుకోనక్కర్లేదు. మెట్లు హాయిగా ఎక్కేంత బలం వచ్చాకే రెండో గర్భం అనుకోండి, నెల తప్పిన తొలి రోజుల నుంచే ఫిజియోథెరపిస్టును కలవండి. కాన్పు సమయంలో కాళ్లు ఎంతవరకు ఎడం చేస్తే నొప్పి రాదో ముందే కొలుచుకుని ఆస్పత్రి ఫైల్లో రాయించండి. నొప్పుల్లో ఉన్నప్పుడు, మత్తు ఇచ్చినప్పుడు ఆ హద్దు మీకు తెలియదు, పక్కనున్న నర్సుకు తెలియాలి.